ఇరవై నిమిషాల ట్యూబు

పద్దెనిమిదేళ్ళుగా వనజ అడిగినా రాని ఏసీ, మిషన్ వచ్చిన వారానికే వచ్చింది. మిషన్‌కు ఉక్కపోస్తే నంబర్లు తప్పుతాయట. మనుషులకు ఉక్కపోస్తే ఏం తప్పుతాయో ఏ కాగితం మీదా రాసి లేదు. గోదావరి ఒడ్డునున్న ఆ మండల దవాఖానా ల్యాబులో ఇన్ని ఎండాకాలాలూ ఇంటినుంచి తెచ్చుకున్న టేబుల్ ఫ్యానుతోనే గడిపింది వనజ. ఇప్పుడు గది చల్లగా ఉంది. ఆ చల్లదనం తన కోసం వచ్చింది కాదని గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతోంది.

మిషన్ బియ్యం డబ్బా అంత ఉంటుంది. ఒక్క చుక్క రక్తం పెడితే మూడు నిమిషాల్లో సీఆర్‌పీ ఎంతుందో చూపిస్తుంది. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా కాలేయం ఆ ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. నంబరు పెరిగిందంటే లోపల నిప్పు అంటుకుందని అర్థం.

ఆ కబురు ఇన్నాళ్ళూ వనజ చెప్పేది. సన్నని పొడవాటి గొట్టంలో రక్తం నిలబెట్టి, గంటకు ఎర్రకణాలు ఎన్ని గీతలు కిందికి దిగాయో చూసేది. ఈఎస్‌ఆర్ అంటారు దాన్ని. ఒంట్లో రోగం ముదిరితే రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ఇంకో ప్రోటీన్ పెరుగుతుంది. అది ఎర్రకణాలను బిళ్ళలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి అతికించి, బరువెక్కించి కిందికి లాగుతుంది. ఎంత జోరుగా దిగితే లోపల అంత గొడవ. వనజకు గంట కూడా అక్కర్లేదు. పావుగంటకే గొట్టం వంక చూసి, "సార్, ఇది వంద దాటుతది" అనేది. దాటేది.

మిషన్ నేర్చుకోవడానికి ఖమ్మంలో ఐదు రోజుల ట్రైనింగ్ అన్నారు. ల్యాబులో ఉన్నదే ఇద్దరు టెక్నీషియన్లు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కూడా కాని పుష్పలత పేరు రాసి పంపాడు డాక్టర్ రాజేష్. "మీరు లేకుంటే ల్యాబు నడవదు వనజక్కా" అని నవ్వుతూ చెప్పాడు కూడా. గౌరవంగానే చెప్పాడు. పక్కన పెట్టేటప్పుడు మనుషులకు గౌరవం ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది మరి.

పుష్పలతది అశ్వారావుపేట వైపు. తండ్రి పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు. పిల్ల నెమ్మదస్తురాలు, చేతివేళ్ళు పొడుగు, రాత గుండ్రం. ట్రైనింగ్ నుంచి వచ్చాక మెడలో కొత్త కార్డు వేసుకుంది. రోగులు ఆమెను 'మిషన్ మేడం' అంటున్నారు. పద్దెనిమిదేళ్ళలో వనజను మేడం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అక్క, వదిన, ఈమధ్య అత్త కూడా. అది ప్రేమేనని ఆమెకు తెలుసు. తెలిసినా కుళ్ళు పుట్టింది. దాచడం దేనికి, పుష్పలత నవ్వినా కుళ్ళు, నవ్వకున్నా కుళ్ళు.

ఒక్క పనిలో మాత్రం వనజకు ఇంకా ఎదురులేదు. పాము కరిచి వచ్చిన వాళ్ళ రక్తం కాస్త గాజు ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టి ట్యూబుకు అంటుకుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్ళలా జారితే విషం నెత్తురుకెక్కినట్టు. అడవి ఊళ్ళ దవాఖానా కాబట్టి వానాకాలమంతా ఇదే పని. ఆ ట్యూబులను వనజ ఎవరినీ ముట్టనివ్వదు. తనే కడిగి, తనే ఎండబెట్టి, సొరుగులో పెట్టి తాళం వేసుకుంటుంది.

ఆ తాళానికి ఒక కథ ఉంది. పోయిన వానాకాలం పుష్పలత సాయం చేద్దామనుకుని ఆ ట్యూబులన్నీ సబ్బు నురగతో తళతళా తోమిపెట్టింది. మర్నాడు పాము కరిచి వచ్చిన ఒకాయన రక్తం ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. వనజకు అనుమానం వచ్చి డబ్బాలోని కొత్త ట్యూబులో పోసి చూస్తే చక్కగా గడ్డకట్టింది. సబ్బు అంటిన గాజులో మంచి రక్తం కూడా గడ్డకట్టదు. ఒక్క మాటలో చెప్పొచ్చు ఆ సంగతి. వనజ చెప్పలేదు. వార్డంతా వినేలా అరిచింది. "ఏ ట్యూబు ఏందో తెల్వనోళ్ళను తెచ్చి ల్యాబ్‌ల పెడితే గిట్లనే ఉంటది!" పుష్పలత కళ్ళ నిండా నీళ్ళతో, "నేను చేసిన తప్పేందో చెప్పు అక్కా" అని అడిగింది. "అనుభవం మీద తెలుస్తది లే" అని సొరుగుకు తాళం వేసి, తాళంచెవి మంగళసూత్రానికి తగిలించుకుంది వనజ. చెబితే ఆ పిల్లకూ వచ్చేస్తుంది కదా.

సోమవారం పొద్దున దూలయ్య తన భార్య కొండమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. తునికాకు కోయడానికి పోయినప్పుడు నరికిన వెదురు మోడు ఆమె అరికాల్లో దిగింది. నాలుగు రోజులు ఆకుపసరు కట్టుకుని నడిచింది. ఇప్పుడు మోకాలు దాకా వాచి, చర్మం బిగిసి మెరుస్తోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

వనజ ఆమెతో కోయ భాషలో మాట్లాడింది. కొండమ్మ మొహం కాస్త తేటపడింది. ఎన్ని రోజులుండాలని అడిగింది. ఆకు కట్టలు కల్లంలో ఆరబెట్టి ఉన్నాయి, తిరగేసే మనిషి లేదు, అదీ ఆమె దిగులు. పుష్పలత వచ్చి సూది తీయగానే కొండమ్మ చెయ్యి చాపి తెలుగులోకి మారి, "నొప్పి లేకుండ తియ్యి మేడం" అంది. అంతసేపూ ఆమె భాషలో ఊరడించిన వనజ గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది.

ఆరోజు ఈఎస్‌ఆర్ నూట పన్నెండు. సీఆర్‌పీ తొంభై ఆరు. రెండూ ఒకే మాట చెప్పాయి. డాక్టర్ రాజేష్ మాత్రం మిషన్ చీటీ చదివి, మందులు రాసి, వనజ చీటీని కేసు షీట్‌లో పెట్టేశాడు. చదివాడో లేదో ఆమె చూడలేకపోయింది. రక్తకణాలు లెక్కపెట్టే ఇంకో మిషన్ పాడై ఖమ్మం పోయి నెలైంది. కాబట్టి ఆ దవాఖానాలో కొండమ్మ నెత్తురు గురించి చెప్పగలిగినవి ఆ రెండు చీటీలే.

బుధవారం పొద్దున కొండమ్మకు జ్వరం దిగింది. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. వాపు మాత్రం తగ్గలేదు. మూత్రం సరిగా రావడం లేదని సరళ సిస్టర్ చెబితే, డాక్టర్ కిడ్నీ పరీక్ష కూడా రాశాడు. ఎనిమిదీ నలభైకి పుష్పలత మంచం దగ్గరికి పోయి మూడు ట్యూబుల్లో రక్తం తీసుకొచ్చింది. ఒకటి మిషన్‌కు, ఒకటి వనజ గొట్టానికి, ఎర్రమూతది కిడ్నీ పరీక్షకు.

తొమ్మిది కొట్టేసరికి వనజ గొట్టం నిలబెట్టింది. పావుగంటకు చూసింది. కదలలేదు. అరగంటకు చూసింది. పైన తేటనీరు వేలిగోరంత కూడా లేదు. పది గంటలకు లెక్క రాసింది. పన్నెండు.

అవతల బల్ల మీద మిషన్ చీటీ అప్పటికే వచ్చి ఉంది. నూట ఎనభై నాలుగు.

వనజ ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆమెకు సంతోషం వేసింది. ముఖం నిండా నవ్వు పాకుతుంటే పెదవి కొరుక్కుని ఆపుకుంది.

డాక్టర్ రాజేష్ ఓపీ మధ్యలో లేచి ల్యాబుకే వచ్చాడు. బయట కాన్పు కష్టమైన ఒకామెను భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకుపోవడానికి అంబులెన్స్ సిద్ధంగా ఉంది. లోపల ఇంకొకరికి చోటుంది.

"ఏందక్కా ఇది? ఒకటి తగ్గిందంటది, ఒకటి పెరిగిందంటది. కొండమ్మను కూడా ఇదే బండిల పంపుదామా అని చూస్తున్న."

"పంపుడెందుకు సార్? మొన్న నూట పన్నెండు, ఇయ్యాల పన్నెండు. జ్వరం దిగె. మందు పని చేస్తుంది."

"మరి సీఆర్‌పీ?"

"మిషన్ కొత్తది సార్. నిన్న కరెంటు మూడుసార్లు పోయింది. ఏం చూపిస్తుందో దానికే తెల్వాలె."

పుష్పలత మిషన్ పక్కన నిలబడి ఉంది. "మిషన్ సరిగ చూపిస్తుందా లేదా అని పొద్దున కంట్రోల్ పెట్టి చూసిన సార్, సరిగనే వచ్చింది" అంది. ఇంకేదో చెప్పబోయి వనజ మొహం చూసి ఆగిపోయింది.

"పద్దెనిమిదేండ్లల్ల నా గొట్టం ఒక్కనాడు అబద్ధమాడలే సార్" అంది వనజ.

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. ఓపీలో ఇంకా అరవై మంది ఉన్నారు. డాక్టర్ నుదురు రుద్దుకున్నాడు. "సరే, వనజక్క మాట మీద ఇక్కడనే ఉంచుదాం. సాయంత్రం మళ్ళ చూద్దాం."

అంబులెన్స్ వెళ్ళిపోయింది. వనజక్క మాట మీద. ఆ మూడు ముక్కలు ఆమె నోట్లో బెల్లంలా చాలాసేపు కరిగాయి. సరళ సిస్టర్‌కు తనే టీ పోసి ఇచ్చింది. గొట్టాల స్టాండు తుడిచి, మిషన్‌కు కాస్త ముందుగా జరిపి పెట్టింది. పుష్పలత తలొంచుకుని రిజిస్టర్ రాసుకుంటుంటే, "మనసుల పెట్టుకోకు, మిషన్ అన్నంక గట్లనే ఉంటది" అని ఓదార్చింది కూడా. ఓదార్చడంలో అంత రుచి ఉంటుందని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

ఒక్కటే ఎక్కడో గీరుతోంది. నూట పన్నెండు రెండు రోజుల్లో పన్నెండు అవుతుందా? ఈఎస్‌ఆర్ అట్లా దిగదు. రోగం తగ్గినా అది వారాల తరబడి ముసలివాళ్ళు మెట్లు దిగినట్టు దిగుతుంది. ఈ సంగతి వనజకు తెలియక కాదు. తెలిసిన దాన్ని ఆ పూటకు పక్కకు నెట్టింది.

ఒంటిగంటకు పుష్పలత అన్నం తినడానికి పోయింది. వనజ గుడ్డ తీసుకుని మిషన్ చుట్టూ తుడవబోయింది. మిషన్ వెనకాల, గోడకు ఆనించి, ఒక ఎర్రమూత ట్యూబు కనిపించింది. దాని మీద గుండ్రటి రాత. కొండమ్మ, ఎనిమిదీ నలభై.

ఎర్రమూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా చేసే మందేమీ ఉండదు. అరగంటలో అది గట్టిపడాలి. అప్పుడే పైకి తేలిన తేటతో కిడ్నీ పరీక్ష చేస్తారు. వనజ ట్యూబు వంచింది. నాలుగున్నర గంటల కిందటి రక్తం ఈ గోడ నుంచి ఆ గోడకు తేలిగ్గా జారింది.

దొరికింది పిల్ల! మొదట వచ్చిన ఆలోచన అదే. తప్పు ట్యూబులో తీసింది, పైగా దాచింది. డాక్టర్‌కు చూపించాలి. వనజ గబగబా ర్యాక్ తీసింది. అదే డబ్బాలోంచి తీసిన ట్యూబుల్లో పొద్దుటి రోగుల రక్తం ఇంకో ఐదింట్లో ఉంది. ఒక్కొక్కటే వంచింది. ఐదూ గట్టిగా గడ్డకట్టి ఉన్నాయి. డబ్బా మంచిదే. మూత మంచిదే. పిల్ల సరిగానే తీసింది.

వనజ స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఎర్రకణాలను అతికించి కిందికి లాగేది ఫైబ్రినోజెన్. రక్తాన్ని గడ్డకట్టించేదీ అదే. కొండమ్మ ఒంట్లో చీము నెత్తురులో కలిసి, సన్నని నాళాల్లో ఎక్కడపడితే అక్కడ గడ్డలు కట్టి ఆ ప్రోటీన్ అంతా ఖర్చయిపోయి ఉంటే? అప్పుడిక కణాలను కిందికి లాగేది ఏదీ ఉండదు. గొట్టంలో పన్నెండే వస్తుంది. గొట్టం అబద్ధమాడలేదు. మనిషి మునిగిపోతోందని అది చెబితే, గట్టెక్కిందని తను చదివింది.

మూలన చెత్త వేసే పసుపు డబ్బా ఉంది. వనజ లేచి దాని మూత ఎత్తింది. ఈ ట్యూబు అందులో పడితే ఎవరికీ తెలియదు. పిల్ల అడగదు, దాచింది ఆ పిల్లే కాబట్టి. సాయంత్రం డాక్టర్ ఎలాగూ మళ్ళీ చూస్తానన్నాడు. అప్పుడు తేలినా ఎవరూ వనజను తప్పుపట్టరు, రోగం ముదిరిందంటారు అంతే. పొద్దుటి మాట పొద్దుటిలాగే మిగిలిపోతుంది. ఆమె ఆ డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడింది. తలుపు సందులోంచి వార్డు కనబడుతోంది. దూలయ్య తన భార్య మోచేయి గట్టిగా ఒత్తి పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున ఎట్లా కూర్చున్నాడో ఇప్పుడూ అట్లాగే ఉన్నాడు.

వనజ మూత వదిలేసింది. మెడలో తాళంచెవి తీసి సొరుగు తెరిచి, ఒక గాజు ట్యూబు అందుకుంది.

"పొద్దున సూది గుచ్చిన కాడ నెత్తురు ఆగుతలేదు అక్కా" అన్నాడు దూలయ్య ఆమెను చూడగానే. "పట్టుకుంటె ఆగుతది, వదిలితె కారుతది." అతని వేళ్ళ కింద దూది నల్లగా నాని ఉంది.

"పొద్దుటి సంది ఎందుకు చెప్పలే తమ్మీ?"

"తగ్గిందన్నరు గద."

కొండమ్మ కళ్ళు సగం తెరిచి, చలిగా ఉందని కోయలో అంది. మే నెల మిట్టమధ్యాహ్నం. వనజ ఆమె రెండో చేతినుంచి కాస్త రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, కిటికీ గట్టు మీద నిలబెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. గడియారం చూసుకుంది. ఒకటీ పద్దెనిమిది.

దూలయ్య ట్యూబును గుర్తుపట్టాడు. అటువైపు ఊళ్ళలో దాన్ని చూడని ఇల్లు లేదు. "ఇది పాము ట్యూబు గద అక్కా? మా ఆమెను పాము కరవలే."

"పాము కాదు తమ్మీ. కాలిల చీము నెత్తురుకెక్కింది."

"మరి తగ్గిందన్నరు?"

"నేనే అన్న" అంది వనజ.

అతను మళ్ళీ భార్య మోచేతి మీది దూది ఒత్తి పట్టుకున్నాడు. అడిగి, తిట్టి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. ఇరవై నిమిషాలు ఆమె ట్యూబు వైపే చూసింది. కట్టు తల్లీ, కట్టు, అని లోపల గొణుక్కుంది. ఒకటీ ముప్పై ఎనిమిదికి రెండు వేళ్ళతో ట్యూబు పట్టుకుని వంచింది. రక్తం నీళ్ళలా జారి మూతి దాకా వచ్చింది.

ఓపీ గదిలో డాక్టర్ రాజేష్ చివరి రోగిని చూస్తున్నాడు. ఏదో చీటీ ఇవ్వడానికి వచ్చిన పుష్పలత అక్కడే ఉంది. ఆమె బయటికి పోయేదాకా ఆగుదామని వనజకు ఒక్క క్షణం అనిపించింది. ఆగలేదు.

"సార్, పొద్దున నేను తప్పు చెప్పిన."

ట్యూబు అతని కళ్ళ ముందు వంచింది. "కొండమ్మది. ఇరవై నిమిషాలు పెట్టిన. గడ్డకడతలేదు. ఈఎస్‌ఆర్ పన్నెండు వచ్చింది తగ్గి కాదు సార్, ఫైబ్రినోజెన్ అయిపోయి."

డాక్టర్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "అంటే మిషన్ కరెక్టే."

వనజ పుష్పలత వైపు చూడకుండా, "అవ్ సార్, మిషన్ కరెక్టే" అంది. పొద్దుటి బెల్లమంతా నోట్లో చేదైంది.

ఆ తర్వాత అంతా పరుగే. అంబులెన్స్‌కు ఫోన్, భద్రాచలానికి ఫోన్, ప్లాస్మా సంచులు సిద్ధంగా ఉంచమని చెప్పడం, కొండమ్మకు ఇంకో సెలైన్ పెట్టడం. రెండుంబావుకు బండి కదిలింది. పొద్దుటి బండికీ ఈ బండికీ మధ్య పోయిన గంటలు వనజ వద్దనుకున్నా లెక్కకొస్తూనే ఉన్నాయి.

ల్యాబులో పుష్పలత గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఎర్రమూత ట్యూబు బల్ల మీద ఉంది.

"తొమ్మిదిన్నరకే చూసిన అక్కా" అంది తిరగకుండానే. "గడ్డకట్టలే. నేనే తప్పు ట్యూబుల తీసిననుకున్న. ఏ ట్యూబు ఏందో తెల్వదని మళ్ళ అందరి ముందర అంటవని భయపడ్డ. తర్వాత ఇంకోసారి తీద్దామని దాచిన. సార్ వచ్చినప్పుడు చెప్పబోయిన..."

తొమ్మిదిన్నర. బండి పోయింది పదింబావుకు. వనజ లెక్క మళ్ళీ వేసుకుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద మనసులో ఎన్ని తప్పులు రాసుకుందో, వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తుకు రాలేదు. ఏసీ ఆపేసి బయటికి పోయింది.

గురువారం ఏ కబురూ రాలేదు. వనజ మూడుసార్లు గేటు దాకా పోయి వచ్చింది. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకుపోయింది.

శుక్రవారం పది గంటలకు ఫోన్ వచ్చింది. పుష్పలతకే వచ్చింది. బండి ఎక్కేటప్పుడు దూలయ్య చేతిలో తన నంబరు రాసిచ్చింది ఆమె. ఆ బుద్ధి వనజకు పుట్టలేదు. పుష్పలత ఫోన్ చెవికి ఆనించుకుని అవ్, అవ్ అంటుంటే వనజ పిప్పెట్‌లు కడుగుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించింది.

"కళ్ళు తెరిచిందట అక్కా. ప్లాస్మా ఎక్కించిండ్రట, నెత్తురు కారుడు ఆగిందట. కాలు కోసి చీము తీసిండ్రు. ఇంకా ఐసీయూలనే ఉన్నది. కానీ పేరు చెప్పిందట, ఆకు కట్టలు ఎవరు తిరగేసిండ్రని అడిగిందట." పుష్పలత నవ్వుతూ ఏడుస్తోంది. మొహమాటపడుతూ, "మిషన్ మేడమ్‌కు దండాలు చెప్పుమన్నడు" అంది.

మళ్ళీ కలుక్కుమంది. కొండమ్మ బతికిందన్న సంతోషంలోంచి కూడా అది సూదిలా పైకి వచ్చింది. చచ్చేదాకా ఇది పోదేమో అనుకుంది వనజ. తన మీద తనకే నవ్వొచ్చింది.

మెడలోని తాళంచెవి తీసి సొరుగు తెరిచింది. గాజు ట్యూబులన్నీ పళ్ళెంలో వేసి సింకు దగ్గరికి తెచ్చింది. "ఇటు రా" అంది.

పుష్పలత వచ్చి నిలబడింది. సబ్బు పెట్టె మీదికి చెయ్యి అలవాటుగా పోబోయి, భయంతో వెనక్కి వచ్చింది. వనజ అది చూసింది.

"సబ్బు పెట్టకు. ఎంత కడిగినా గాజుకు పట్టుకుంటది. సబ్బు అంటితే మంచి నెత్తురు గూడ గడ్డకట్టదు. ఉత్త నీళ్ళతో కడిగి ఎండబెట్టు. ఆనాడు జరిగింది గదే."

నల్లా నీళ్ళు ట్యూబుల మీద పడుతున్నాయి. పుష్పలత వాటివైపు చూసింది, తాళం తీసిన సొరుగు వైపు చూసింది, చివరికి వనజ మొహంలోకి చూసింది.

"గంతేనా అక్కా?"

వనజ నల్లా కట్టేసింది.

"గంతే."